నీళ్లలోకి దిగిన అచ్చాయమ్మ

ఆ శుక్రవారం అచ్చాయమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. కువైట్‌లో, రుమైథియాలోని ఒక అరబ్బుల ఇంట్లో పద్నాలుగేళ్లుగా వంటా, పిల్లల పెంపకమూ ఆమె చేతిమీదే నడుస్తున్నాయి. తెల్లారేసరికే వంటిల్లు తుడిచేసి, పిల్లలకు రొట్టెలు చేసిపెట్టి, తెల్లచీర సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ వేళ ఆమె బాప్తీస్మం తీసుకోబోతోంది.

"యల్లా, బయల్దేరు! నీ కంగారు చూస్తే నాకే కంగారుగా ఉంది" అని ఇంటావిడ నవ్వింది.

"వెళ్లొస్తా మామా!" అంటూ అచ్చాయమ్మ ఒక్క పరుగున వెళ్లి కారెక్కింది. అక్కడి పనివాళ్లు ఇంటావిణ్ణి మామా అనే పిలుస్తారు.

ఆమెది కోనసీమలో కాలవగట్టు మీది పల్లె. పుట్టింది విశ్వాసుల ఇంట్లోనే. ఇరవై రెండేళ్లప్పుడు, అక్క ఏసమ్మ కూలికి వెళ్తూ మూడేళ్ల కొడుకును ఆమెకు అప్పజెప్పింది. అచ్చాయమ్మ అన్నం వార్చి వచ్చేలోగా పిల్లాడు కాలవలో పడి చనిపోయాడు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అక్క కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ మౌనం భరించలేక, దొరికిన మొదటి వీసాకే ఆమె కువైట్ వచ్చేసింది. మళ్లీ ఊరి మొహం చూడలేదు. అక్కతో మాట్లాడలేదు.

ఇక్కడ మామా పిల్లలు సముద్రంలో ఆడుతుంటే తను కారులోనే కూర్చుని కళ్లు మూసుకునేది. అబ్బాసియాలో ఓ ఫ్లాటులో జరిగే తెలుగు ప్రార్థనకు వెళ్లేది గానీ, బాప్తీస్మం మాట ఎత్తగానే లేచి మెట్ల మీదికి వెళ్లిపోయేది.

మూడు నెలల కిందట, ఆ ప్రార్థనకే వచ్చే నర్సు మెర్సీ ఆమె వెనకాలే మెట్ల మీదికి వచ్చింది.

"ఎందుకక్కా, ఆ మాట వస్తే పారిపోతావు?"

అచ్చాయమ్మ మొదటిసారి నోరు విప్పి అంతా చెప్పింది. మెర్సీ వాక్యాలేవీ వల్లించలేదు. పక్కన కూలబడి తనూ ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "దేవుడు క్షమించాడని నేను చెబితే నువ్వు నమ్మవు. మీ అక్కకి ఫోన్ చెయ్యి. నేనిక్కడే ఉంటాను" అంది.

నంబరు కోసం ఊళ్లో నలుగురిని అడగాల్సి వచ్చింది.

"అక్కా... నేను. అచ్చీని."

అటునుంచి ఏసమ్మ గొల్లుమంది. "ఒసే, ఇన్నేళ్లకా! ఆ రోజు నీకు ఒళ్లు కాలిపోయే జొరమే. తెలిసీ పిల్లోణ్ణి నీకొదిలేసి పోయాను. తప్పు నాదే. నా మొకం సూడలేకే ఎల్లిపోయావనుకున్నాను."

"నా మొకం నువ్వు సూడలేవని నేననుకున్నానక్కా!"

ఆ రాత్రి అచ్చాయమ్మ కడుపునిండా తిని, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. మర్నాటి నుంచి ఇద్దరికీ రోజూ కబుర్లే.

ఇప్పుడు, ఈ శుక్రవారం, తెల్లచీర కట్టుకుని బాప్తీస్మపు తొట్టి ముందు నిలబడింది. అప్పటికే నీళ్లలో ఉన్న పాస్టరు పాల్‌రాజు అయ్యగారు చెయ్యి చాచారు. "రామ్మా. నేను పట్టుకుంటాను." ఆమె ఒక మెట్టు దిగి ఆగిపోయింది.

గట్టు మీద మెర్సీ పట్టుకున్న ఫోనులోంచి, వీడియో కాల్‌లో ఏసమ్మ అరిచింది. "దిగవే అచ్చీ! నేను సూత్తన్నాను! దిగు!"

అచ్చాయమ్మ దిగింది. నీళ్లు నడుము దాటి గుండెల దాకా వచ్చాయి. అయ్యగారు ఆమెను వెనక్కి వాల్చి ముంచారు. ఒక్క క్షణం చెవుల్లో హోరు. లేచేసరికి చుట్టూ చప్పట్లు, స్తోత్రాలు! "అక్కా, అయిపోయిందే!" అని చిన్నపిల్లలా కేకేసి పగలబడి నవ్వింది.

"మరి ఇంటికెప్పుడొత్తావే?"

అచ్చాయమ్మ తుడుచుకోనైనా లేదు. మెర్సీ చేతిలోని ఫోను లాక్కుని మామాకు చేసింది. "మామా, నాకు సెలవు కావాలి. మా అక్క దగ్గరికి వెళ్తాను."

"పద్నాలుగేళ్లుగా వెళ్లమని నేనే కదా చెబుతున్నాను!" అంది మామా. "ఎప్పుడు?"

"వచ్చే వారమే!"