తాయప్ప చెప్పే ఎలుక

తాయప్ప దగ్గరికి ఏ బండి తీసుకెళ్ళినా, వైరింగ్ పాడుచేసింది ఎలుకే. హెడ్‌లైట్ వెలగకపోయినా ఎలుకే, తాళం తిప్పితే హారన్ మోగినా ఎలుకే. శక్తినగర్‌లో పవర్ స్టేషన్ కాలనీ గేటు ఎదుట రేకుల షెడ్డు వేసుకుని ఇరవై ఏళ్ళుగా మోటారు సైకిళ్ళకు వైర్లూ రిలేలూ బిగిస్తున్నాడు. ఈ ఇరవై ఏళ్ళలో ఒక్క మనిషి మీద నేరం మోపిన పాపాన పోలేదు.

ఆ ఊళ్ళో ఇది మామూలు సంగతి కాదు. శక్తినగర్‌లో ఇంటికొక కరెంటు పండితుడు. ఊళ్ళకు ఊళ్ళు వెలిగించే మనకు ముప్పై అయిదు వాట్ల బల్బు ఒక లెక్కా అని సెలవు రోజున స్క్రూడ్రైవర్ పట్టని మగాడు లేడు. మర్నాడు పొద్దున్నే ఆ పండితులంతా బళ్ళు తోసుకుంటూ తాయప్ప దగ్గర తేలతారు. దీపం కింద చీకటంటే అదే.

ఒకసారి బాయిలర్ సెక్షన్ చంద్రమోహన్ బండిలో ఫ్యూజుకు బదులు సిగరెట్ పెట్టెలోని వెండికాగితం బయటపడింది.

"ఎలుక సార్," అన్నాడు తాయప్ప.

"ఎలుక వెండికాగితం చుట్టిందా?" పక్కనే నిలబడ్డ యోగానంద్ అడిగాడు.

"పిల్లల తల్లి సార్ అది. ఇల్లు మెరవాలె గదా."

చంద్రమోహన్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇంకోసారి టీకొట్టు అమరప్ప బండి మొరాయించింది. "వారం కాలేదు గదప్పా కొని! ఎలుక ఎప్పుడొచ్చె?" అని గోల పెట్టారు జనం.

"షోరూంలనే ఎక్కింటది. ఊరు చూస్తమని వచ్చింది," అన్నాడు తాయప్ప, అమరప్ప స్వహస్తాలతో చుట్టిన టేపును విప్పుతూ.

యోగానంద్ ఈ ముచ్చట్లన్నీ ఇంటికి మోసుకెళ్ళి భార్య హిమబిందుకు చెప్పేవాడు. "పాపం, కొంచెం తిక్కమనిషి. తప్పెక్కడుందో దొరక్క ఎలుక పేరు చెబుతాడు" అని తీర్పు ఇచ్చేవాడు. ఇవ్వడా మరి? ఆయన పనిచేసేది రిలే టెస్టింగ్ సెక్షన్‌లో. బీరువాలంతేసి రిలేలను పరీక్ష చేసేవాడికి అగ్గిపెట్టెంత రిలే ఎంత?

ఎంతో తుర్విహాళలో తెలిసింది. అక్కడ వరి పండించే మామగారు వీరబాబు "బండి లైటుకు కాలవ గట్టు మీద దారి కనబడ్డం లేదండీ" అని వాపోతే, బాగు చేయించి పంపిస్తానని బండి తెప్పించి, ఆదివారం నాడు లైటుకు నిండుగా కరెంటు అందించే రిలేను తనే బిగించాడు. లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా, లావుపాటి వైరుతో, మధ్యలో ఫ్యూజు పెట్టి తేవాలి. బ్యాటరీ కోసం సీటు విప్పాలంటే బద్ధకమేసి, చేతికందిన, ఇంజనును నడిపే ఇగ్నిషన్ వైరుకే లైటును తగిలించాడు. ఫ్యూజు తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. కానీ ఆఫీసు అలవాటు పోనిచ్చుకోకుండా, ప్రతి వైరుకూ తెల్లటి చిన్న గొట్టం తొడిగి ముత్యాల్లాంటి నంబర్లు మాత్రం వేశాడు.

పదిరోజుల తర్వాత పొద్దు గుంకేవేళ, వీరబాబు గట్టు మలుపులో పెద్ద లైటు వేశాడు. ఇగ్నిషన్ వైరు కాలింది. లైటుతో పాటు ఇంజనూ ఆగింది. మామగారు బండితో సహా కొత్తగా నాట్లు పడిన మడిలోకి దిగారు. దెబ్బలు తగల్లేదు గానీ నడుం దాకా బురద.

"ఎవరండీ ఆ వైరింగు చేసింది?" అని ఫోనులో గర్జించాడు.

యోగానంద్ నోరు యోగానంద్‌ను అడక్కుండానే, "తాయప్ప అనీ, ఇక్కడి మెకానిక్కండీ" అనేసింది.

మర్నాడు డ్యూటీ దిగుతుంటే మళ్ళీ ఫోను. "అల్లుడుగారూ, బండిని లగేజీ ఆటోలో వేసుకొచ్చాను. మీ తాయప్ప కొట్టు ముందే ఉన్నా. రండి, మీ ముందే కడిగి పారేస్తాను."

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది యోగానంద్ పరిస్థితి. చెమటలు కక్కుతూ పరుగెత్తాడు. అప్పటికే చంద్రమోహన్, అమరప్ప, ఇంకో పదిమంది చుట్టూ చేరారు. తాయప్ప హెడ్‌లైట్ డూమ్ విప్పి కూర్చున్నాడు.

"నా ప్రాణం పోయుంటే ఎవడిస్తాడయ్యా? ఇది నువ్వు చేసిందేనా?" అంటున్నాడు వీరబాబు.

తాయప్ప వేళ్ళతో వైర్లు బయటికి లాగాడు. తెల్ల గొట్టాలు కనిపించాయి, నంబర్లు కనిపించాయి. తలెత్తి ఒక్కసారి యోగానంద్ ముఖం చూశాడు. ఆ ముఖం చూశాక ఇంక చదవాల్సిన నంబర్లేమీ లేవు.

ఎలుక ఎప్పుడొస్తుందా, ఎప్పుడు నవ్వుదామా అని జనం కాచుకుని ఉన్నారు. మడిలో పడి లేచిన మనిషికి ఎలుక కథ చెప్పకూడదని తాయప్పకు తెలుసు. గొట్టాలను ఒక్కొక్కటీ పీకి జేబులో వేసుకున్నాడు.

"తప్పు నాదే పెద్దాయనా. గలతీ అయింది. మాఫ్ చేయుండ్రి."

వీరబాబు తిట్లు లంకించుకున్నాడు. తాయప్ప తల వంచుకుని వింటున్నాడు. "గిట్లయితే నా బండి రాయచూరుకే తీస్కపోత" అని గొణిగాడు అమరప్ప. యోగానంద్ తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు. వెండికాగితం చుట్టింది ఎవరో అతనికి అప్పటికి గానీ వెలగలేదు. కాలనీలోని పెద్దమనుషులందరి పరువునూ ఆ ఎలుకే ఇన్నేళ్ళూ మోసింది. అలాంటి మనిషిని తిక్కమనిషి అన్నందుకు సిగ్గేసింది, ఆయన మీదకు తన తప్పు నెట్టినందుకు అంతకు పదింతలు సిగ్గేసింది.

"మావయ్యగారూ, ఆ ఎలుకను నేనే."

"ఎలుకేంటండీ?"

"ఆ వైరింగ్ చేసింది నేను. తాయప్ప ఈ బండి చూడ్డం ఇవాళే. మీతో అబద్ధమాడాను."

చంద్రమోహన్ తన చెప్పుల్ని శ్రద్ధగా పరిశీలించసాగాడు. అమరప్ప టీకొట్లోకి నడిచి, చక్కెర వేసిన టీలోనే మళ్ళీ చక్కెర వేశాడు. వీరబాబు అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు.

"తమరు రిలే సెక్షన్ కదండీ?" అని మాత్రం అడిగాడు. అన్ని తిట్లూ కలిపి తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

వీరబాబు తాయప్పకు చేతులు జోడించాడు. "పోనీ పెద్దాయనా" అంటూ తాయప్ప కటింగ్ ప్లయర్ తీసి యోగానంద్ చేతిలో పెట్టాడు. "కూసోండ్రి సార్. మీరే చేయుండ్రి, నేను చెప్త."

పదిమందిలో నేల మీద చతికిలపడి యోగానంద్ పని మొదలెట్టాడు. ఈసారి సీటు విప్పాడు. బ్యాటరీ నుంచి లావు వైరు తెచ్చి, ఫ్యూజు పెట్టి, రిలేకు కలిపాడు. ఇగ్నిషన్ వైరును దాని మానాన వదిలేశాడు. చివరికి బల్బు చూద్దామని పీకితే, తను పెట్టిన ముప్పై అయిదు వాట్లది కాదు. వంద వాట్లది. వైరు కాలడంలో దాని వాటా తక్కువేమీ కాదు.

యోగానంద్ తలెత్తాడు. మామగారు ఆకాశంలో ఏదో వెతుకుతున్నారు. మెడ ఎర్రబడింది. నిన్న ఫోను పట్టుకున్నప్పుడు తన ముఖం ఎలా ఉండి ఉంటుందో యోగానంద్‌కు కళ్ళకు కట్టింది.

"ఏవైందండీ?" అన్నాడు వీరబాబు, ఇటు చూడకుండానే.

యోగానంద్ బల్బును గుప్పిట్లో మూసి జేబులో వేసుకున్నాడు. "ఏం లేదు మావయ్యగారూ. బల్బు మాడింది. ఆ కంపెనీ మాల్ అంతే. కొత్తది వేసేస్తాను."

"వెయ్యండి బాబూ, వెయ్యండి," అన్నాడు వీరబాబు, పెద్ద ఊపిరి వదిలి.

తాయప్ప షెల్ఫు మీంచి ముప్పై అయిదు వాట్ల బల్బు తీసి అందిస్తూ యోగానంద్ చెవిదగ్గరికి వంగాడు.

"గిప్పుడు మీకు పని వచ్చింది సార్."