మా అమ్మీ ఈ దేశపు మనిషైన రోజు

కోరుట్లలో మా ఇంట్లో ఉండేది ముగ్గురం. అబ్బా, నేను పుట్టుకతోనే ఈ దేశం వాళ్ళం. అమ్మీ కాదు. ఆమె కరాచీలో పుట్టింది. ఆమె తల్లి, అంటే మా నానీ, కోరుట్ల పిల్లే. పెళ్ళి చేసుకుని అటు వెళ్ళిపోయింది. కూతుర్ని మాత్రం తన పుట్టినూరికే కోడలిగా పంపాలని పట్టుబట్టి, తమ్ముడి కొడుకైన మా అబ్బాకిచ్చి చేసింది. అలా వీసా మీద వచ్చిన అమ్మీ, ఆ వీసాను పొడిగించుకుంటూ, పొడిగించుకుంటూ, నేను డిగ్రీకి వచ్చేదాకా పరదేశిగానే ఉండిపోయింది.

అబ్బా కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఎంత తుప్పు పట్టిన మిషన్‌నైనా నడిపించే మనిషి, అమ్మీ కాగితాల దగ్గరికి వచ్చేసరికి వణికేవాడు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. మా వీధిలో రోజుకో ఊరేగింపు. ఆయన అమ్మీకి గట్టిగా చెప్పాడు: "కాగితం చేతికొచ్చేదాకా నినాదం వద్దు, ఊరేగింపు వద్దు, ఫొటోలో పడొద్దు."

అమ్మీ ఆ మాట తప్పలేదు. తలుపు పరదా వెనకాల నిలబడి చూసేది. ఎండలో తిరిగేవాళ్ళ కోసం అరుగు మీద బిందెడు నీళ్ళు మాత్రం పెట్టించేది. అబ్బాకు అదీ భయమే. "నీళ్ళు పెట్టుడు గూడ నినాదమేనా తమ్మీ?" అని పక్కింటి పెద్దమ్మ ఆయన్ని ఆటపట్టించేది.

ఈ పెద్దమ్మ సిరిసిల్ల మనిషి, మగ్గం నేసే ఇంటి ఆడబిడ్డ. పెళ్ళయి కోరుట్లకు వచ్చింది. అమ్మీకి తెలుగు నేర్పింది ఆమే. అందుకే మా ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకున్నా, అమ్మీ తెలుగులో నోరు తెరిస్తే అచ్చం సిరిసిల్ల ఆడబిడ్డలాగే ఉండేది. అమ్మీ మంచి మనిషి అని దరఖాస్తులో హామీ సంతకం చేసింది కూడా పెద్దమ్మే. "ఇరవై ఏండ్ల సంది సూస్తున్న, గీమె కంటె మంచామె మా గల్లీల లేదు" అని రాయమంది. రాసేవాడు అంత వద్దని సగం కత్తిరించాడట.

చివరికి పౌరసత్వం ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చింది. ముందు పాత పాస్‌పోర్టు వదులుకోవాలి, ఆ తర్వాత అధికారి ఎదుట ప్రమాణం చేయాలి. అమ్మీ పాస్‌పోర్టు వదులుకుంది. సరిగ్గా అప్పుడే రాష్ట్రం కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగారు. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. ఆ దేశం పోయింది, ఈ దేశం రాలేదు.

"ఇప్పుడు నాది ఏ దేశం?" అని అమ్మీ రొట్టెలు చేస్తూ అడిగింది.

"ప్రస్తుతానికి కోరుట్ల," అన్నాడు అబ్బా.

ఊరంతా రాష్ట్రం కోసం ఎదురుచూస్తుంటే మేం దేశం కోసం ఎదురుచూశాం. ఆ ఖాళీలో నేను అమ్మీతో ప్రమాణం వల్లె వేయించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు కాబట్టి తెలుగు మాటల్నే ఉర్దూ అక్షరాల్లో రాసిచ్చాను. ఉర్దూలో చిన్న అచ్చులు రాయరు, చదివేవాళ్ళే ఊహించుకోవాలి. 'నిష్ఠతో' అన్నచోట అమ్మీ ప్రతిసారీ ధైర్యంగా 'నాష్తాతో' అని చదివేది. రాజ్యాంగాన్ని నాష్తాతో, అంటే పొద్దుటి టిఫిన్‌తో, పాటించే పౌరురాలు ఈ దేశానికి దొరకబోతోందని నేను పడీ పడీ నవ్వాను. అమ్మీ రొట్టెల కర్ర ఎత్తింది.

సమ్మె ముగిసిన కొన్నాళ్ళకు కబురొచ్చింది. ప్రమాణానికి ఫలానా రోజు పన్నెండింటికి జగిత్యాల ఆఫీసుకు రావాలి. అబ్బాకు ఎక్కడ ఆలస్యమవుతుందోనని గుబులు. తెల్లారగానే ఫైలు సంచిలో పెట్టుకుని స్కూటర్ మీద ముందే వెళ్ళిపోయాడు. ఉత్తరం మాత్రం మా దగ్గర ఉంచాడు. అమ్మీ, పెద్దమ్మ, నేను బస్సెక్కాం.

మేడిపల్లి దాటాక బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, జీపులు బారులు తీరి ఉన్నాయి. రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా రాళ్ళపొయ్యిలు పెట్టి, వాటి మీద అన్నం వండుతున్నారు.

"ఇగ పొద్దుగూకెదాక గింతే," అన్నాడు డ్రైవర్ ఇంజను ఆపేస్తూ. "అర్జెంటున్నోళ్ళు దిగి నడువుండ్రి."

దిగి నడిచాం. పొయ్యిల దగ్గర మెడలో కండువా, చేతిలో మైకు ఉన్న పెద్దాయన అడ్డంగా నిలబడి ఉన్నాడు. చూడగానే బడిపంతులని తెలిసిపోయే మనిషి. కాలినడకన పోయేవాళ్ళను ఆపడం లేదు కానీ, ఒక్కసారి 'జై తెలంగాణ' అనిపించి పంపుతున్నాడు. పెద్దమ్మ అడక్కముందే రెండుసార్లు అరిచింది. నేనూ అన్నాను. అమ్మీ పెదవులు బిగించుకుని నిలబడింది.

"ఏమ్మా, నీకు తెలంగాణ వద్దా?" అన్నాడాయన.

"కావాలె సార్. కని నేను అనొద్దు."

"ఎవలన్నరు అనొద్దని?"

"మా ఆయన."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. పంతులుగారి ముఖం మాత్రం ఎర్రబడింది. పెద్దమ్మ ముందుకొచ్చింది. "సారూ, కోపానికి రాకు. ఆమె ఇంక మన దేశపామె కాలే. పన్నెండు గొట్టంగ అయితది. గందుకే ఉరుకుతున్నం."

నేను ఉత్తరం తీసి ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మడిచి నా చేతికిచ్చి మైకు ఎత్తాడు. "తొవ్వ ఇయ్యుండ్రి! గీ అక్క ఇయ్యాల మన దేశపు మనిషైతున్నది! ఆపకుండ్రి!"

జనం పక్కకు జరిగారు. వంట దగ్గరున్న ఓ ముసలమ్మ అమ్మీ చేతిలో విస్తరి పెట్టి, పొగలు కక్కే అన్నం, పప్పు వేసింది. "ఉత్త కడుపుతోని పోతరా బిడ్డా? తిని పో." అమ్మీ నిలబడే నాలుగు ముద్దలు తిన్నది. ఈలోగా పంతులుగారు అటువైపు ఆగిన ట్రాలీ ఆటో ఒకదాన్ని వెనక్కి తిప్పించి మమ్మల్ని ఎక్కించాడు. అందులో నిండా పసుపు బస్తాలు. వాటి మీదే కూర్చున్నాం. జగిత్యాలలో దిగేసరికి అమ్మీ నల్ల బురఖా సగం పచ్చబడింది.

"పెండ్లిపిల్ల లెక్క ఉన్నవు చెల్లె," అంది పెద్దమ్మ, దులిపినకొద్దీ ఇంకా పాకుతున్న పసుపును చూసి.

ఆఫీసు గేటు దగ్గర అబ్బా నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నట్టున్నాడు. అమ్మీ వాలకం చూసి నోరు తెరిచి, గడియారం చూసుకుని, లోపలికి తీసుకెళ్ళాడు.

నేనేదో పెద్ద హాలు, కుర్చీల వరసలు, జాతీయగీతం ఊహించుకున్నాను. ఒక బల్ల, వెనక అధికారి, పక్కన ఒక గుమస్తా, గోడ మీద క్యాలెండరు. అంతే. అధికారిణి నాకంటే ఓ పదేళ్ళు పెద్దదేమో. ఆమె లేచి నిలబడింది. అమ్మీ కోసం ఒక అధికారి లేచి నిలబడటం నేను చూడటం అదే మొదలు. ఇన్నేళ్ళూ పోలీస్ స్టేషన్లలో, ఆఫీసుల్లో అమ్మీయే నిలబడేది, వాళ్ళు కూర్చునేవాళ్ళు.

"నేను చెప్పినట్టే చెప్పండమ్మా," అన్నదామె. "నేను... మీ పేరు చెప్పండి."

అమ్మీ గొంతు సవరించుకుని, స్పష్టంగా, "నేను, మీ పేరు చెప్పండి," అన్నది.

గుమస్తా ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అధికారిణి కూడా నవ్వేసింది. "కాదమ్మా, మీ పేరు."

ఆ తర్వాత అమ్మీ తడబడలేదు. ఒక్కో మాటా బరువైన బిందె దించినట్టు జాగ్రత్తగా పలికింది. 'నిష్ఠతో' అన్నచోట మాత్రం నా వైపు గుర్రుగా చూసి, సరిగ్గా అన్నది. కుడి నుంచి ఎడమకు ఉర్దూలో సంతకం చేసింది. అధికారిణి పత్రం చేతికిచ్చి నమస్కారం పెట్టింది. గదిలో పెద్దమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఎవరూ తోడు రాకపోయినా చాలాసేపు కొట్టింది.

"అయిపోయిందా? ఇంతేనా?" అన్నది అమ్మీ.

"ఇంతేనమ్మా."

బయట వరండాలో కూర్చుని కరాచీకి ఫోన్ చేశాం. అమ్మీ సంగతి చెప్పింది. నానీ ముబారక్ అన్నది, దువా చేసింది, కోరుట్లలో ఎవరెవరికి మిఠాయి పంచాలో చెప్పింది. తర్వాత, "మరి ఇప్పుడు నన్ను చూడటానికి నువ్వు రావాలంటే?" అని అడిగింది.

ఇక్కడ ఉండటానికి ఇన్నేళ్ళు వీసా అడిగిన మనిషి, ఇకమీద తల్లి దగ్గరికి పోవడానికి వీసా అడగాలి. పాస్‌పోర్టు వదులుకున్న రోజు కూడా మాలో ఎవరికీ తట్టని సంగతి అది. ఫోన్ పెట్టేసి అమ్మీ ఏడ్చింది. కళ్ళు తుడుచుకుంటే చేతికున్న పసుపు బుగ్గలకు అంటింది. అబ్బా తన రుమాలు ఇచ్చి, "రేపే అడుగుదాం," అన్నాడు. ఆ రేపు రావడానికి చాలా కాలం పట్టింది. రాష్ట్రమే ముందు వచ్చింది, వీసా తర్వాత. అయినా వెళ్ళింది, నానీ ఒళ్ళో తల పెట్టుకుని నెల్లాళ్ళు ఉండి వచ్చింది.

జగిత్యాల నుంచి వచ్చిన వారానికి పెద్దమ్మ మా గడపలో నిలబడి అమ్మీని పిలిచింది. సిరిసిల్లలో ఆమె తమ్ముడి ఇంట్లో శ్రీమంతం ఉంది. "నడువు చెల్లె. ఇప్పుడు ఠాణల చెప్పే పనే లేదు గద."

అంతకుముందు ఊరు దాటాలంటే స్టేషన్లో అర్జీ, వచ్చాక మళ్ళీ హాజరు. ఆ తంటా పడలేక అమ్మీ ఎక్కడికీ వెళ్ళేదే కాదు. తనకు తెలుగు నేర్పిన మనిషి పుట్టినూరిని ఆమె ఒక్కసారీ చూడలేదు. ఆ రోజు చేతిసంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని, ఏ ఠాణాలోనూ చెప్పకుండా, నన్ను వెంటేసుకుని బయల్దేరింది.

సిరిసిల్లలో ఆ వీధినిండా మరమగ్గాల మోత. ఒకరి మాట ఒకరికి వినపడదు. శ్రీమంతానికి వచ్చిన ఆడవాళ్ళంతా అరుచుకుంటూనే కబుర్లు చెప్పుకున్నారు. అమ్మీ వాళ్ళకంటే గట్టిగా అరిచింది. ఆమె మాట విని, "మీది ఏ ఊరక్కా, మా దిక్కేనా?" అని ఒకావిడ అడిగితే, "కోరుట్లనే!" అని చెవిలో కేక పెట్టింది.

మూడో రోజు అబ్బా ఫోన్ చేశాడు. "ఎప్పుడొస్తున్నరు?"

అమ్మీ ఫోను చెవికి ఆనించుకుని, రెండో చెవి మూసుకుని అరిచింది. "ఏమో! ఇంకో రెండు రోజులు ఉంటం! పప్పు నువ్వే వండుకో!"