బీగం వేసిన ప్రశ్న

ఏడాదికి నాలుగు మంచి వానలు పడితే సంబరపడే కర్నూలులో కూడా తుప్పు పట్టే బీగం తయారు చేయడం మామూలు ప్రతిభ కాదు. మా గేటుకు ఈ మధ్య కొన్నది అటువంటిదే. వేయమంటే ముచ్చటగా పడుతుంది. తీయమంటే మాత్రం, ఈ ఇల్లు నీదేనా అన్నట్టు నా ముఖం వంక అనుమానంగా చూస్తుంది. చేతిలో కూరగాయల సంచితో ఎండలో నిలబడి దాన్ని బతిమాలుతున్నప్పుడల్లా, బీగాలు నా మాట విన్న కాలం ఒకటి గుర్తుకొస్తుంది.

ఆ రోజుల్లో, అంటే ఫోన్లు ఇంకా ఫోన్లుగానే ఉండి, ఇంటర్నెట్ కావాలంటే మనిషే నడుచుకుంటూ దాని దగ్గరికి పోవలసిన రోజుల్లో, కర్నూలు, కడప జిల్లాల వాళ్ళ కోసం బండ్ల ఫోరమ్ ఒకటి ఉండేది. స్కూటర్లు, మోటార్‌సైకిళ్ళు, వాటి మైలేజీ, వాటి రోగాలు, ఇవే అక్కడి విషయాలు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళం (చదివేవాడు సగం ఊహించుకునేవాడు, మిగతా సగానికి కోపం తెచ్చుకునేవాడు). దానికి నేను మోడరేటర్‌ని. బ్రేకుల గురించి మొదలైన చర్చలోకి ఎవరైనా మిరపకాయ బజ్జీలు తెస్తే హెచ్చరించడం, వినకపోతే ఆ చర్చకు బీగం వేయడం నా పని. బీగం పడ్డాక దాన్ని చదవవచ్చు గానీ అందులో ఎవరూ ఇంకొక మాట రాయలేరు. పక్కన పసుపుపచ్చని చిన్న బీగం బొమ్మ వచ్చేది. అది చూసినప్పుడల్లా రెండు జిల్లాల శాంతిభద్రతలు నా చేతిలో ఉన్నట్టుండేది. నాకు సొంతంగా బండి లేదన్న సంగతి పెద్దగా చర్చకు రాలేదు. వస్తే ఆ చర్చకూ బీగం పడేది. నేను షేర్ ఆటోలో తిరిగేవాణ్ణి.

సరిగ్గా ఆ కాలంలోనే రాజంపేటకు పెళ్ళిచూపులకు పోయి వచ్చాము. అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది. వాళ్ళ నాయనకు బట్టల అంగడి. అమ్మాయి నాకు నచ్చింది. ఎంత నచ్చిందంటే, వాళ్ళు పెట్టిన ఉప్మాలో ఉప్పు లేదన్న సంగతి బస్సెక్కాక అమ్మ చెబితే గాని తెలియలేదు. కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతానని చెప్పి ఊరుకోవచ్చు కదా, మోడరేటర్‌ని కూడా అన్నాను. అదేమిటో విడమరచి చెప్పాను.

"అంటే బీగాలేసే పని. జీతమేమన్నా ఇస్తారా నాయనా?" అన్నాడు ఆయన.

"ఊరికేనండి."

జీతం మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఫోరమ్ పేరు మాత్రం రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. ఏ సంగతీ తర్వాత చెప్తామన్నాడు. ఆ తర్వాత అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. మా అమ్మది కోసిగి వైపు. అక్కడ వియ్యాలవారిని బీగులంటారు. మావాడు బీగాలు బాగా వేస్తాడంట గాని బీగులే ఇంకా ఏమీ చెప్పలేదని వీధిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకుంటూ తిరిగింది.

ఆ వారంలోనే ఫోరమ్‌లో 'పాత స్కూటర్' అనే పేరుతో కొత్త సభ్యుడు చేరాడు. పాత బండికి ఏ ఆయిల్ మంచిదని అడిగాడు. బాగుంది. మరుసటి రోజు, మోడరేటర్ నాయనా, మీది కర్నూల్లో యాడ, ఇల్లు సొంతమా, సాయంత్రాలు యాడికి పోతావు అని అడిగాడు. అలవాటు కొద్దీ నా చెయ్యి బీగం మీదికి పోయింది. నెట్ సెంటర్ నడిపే భాయ్ వెనక నుంచి చూసి ఆపాడు. భాయ్‌కి అందరి మీదా అనుమానమే. కరెంటు పోయినా అది ఎవరో ఆలోచించి తీసిన కరెంటే అని నమ్మేవాడు.

"నాకు షక్ కొడ్తాందప్పా. బండి గురించి అడిగేటోడు బండి గురించే అడుగుతాడు. ఈయప్ప నీ గురించి అడగతాండాడు. పిల్ల నాయనే ఈయప్ప."

ఆ మాటతో నా చెయ్యి బీగం మీద నుంచి వెనక్కి వచ్చేసింది. సాయంత్రాలు గుడికి పోతానని రాశాను (గుడి పక్కనే నెట్ సెంటర్ కాబట్టి మరీ అబద్ధం కాదు). ఇంతకు ముందు ఏమన్నా ఉన్యాయా, ఇదే మొదలా అని అడిగాడాయన. ఇదే మొదలండి, అటువంటి అలవాట్లు మా వంశంలోనే లేవు అన్నాను. చివరికి ఒక రోజు, మీ ఇంట్లో నీడ ఉండాదా అని అడిగాడు. ఇంత లోతైన ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. చాలాసేపు ఆలోచించి, పెద్దల నీడ ఉందండి, అంతకన్నా ఏం కావాలి అని రాశాను. పెద్దోళ్ళ సంగతి సరే, ఎండకాలం ఎట్లా అన్నాడు. ఎండకాలమంటే కష్టకాలమని భాయ్ అర్థం చెప్పాడు. ఎంత కష్టకాలంలోనైనా వదలనని రాసిచ్చాను.

అలా ఆ చర్చ పేజీల కొద్దీ పెరిగింది. అందులో ఆయన మోకాలి నొప్పి ఉంది, పడని వానలున్నాయి, చింతపండు ధర ఉంది. ఆయిల్ ఒక్కటే లేదు. మిగతావాళ్ళు బజ్జీ అంటే చాలు, బీగం వేస్తూనే ఉన్నాను. 'గేర్‌వైర్' అనే సభ్యుడొకడు దీన్ని పట్టుకున్నాడు. ఇది బండ్ల ఫోరమా, చింతపండు సంతా అన్నాడు. నా మోడరేటర్ పదవి మీద కన్నేసిన కడప వాడెవడో అయ్యుంటాడని నాకు అనుమానం. భాయ్ ఔనన్నాడు (ఏ అనుమానాన్నీ ఆయన ఎన్నడూ కాదనలేదు). ఒక రోజు గేర్‌వైర్ విడిగా ఒక చర్చ మొదలుపెట్టాడు. అందులో ఉన్నది ఒక్కటే వాక్యం: "మోడరేటర్ గారూ, మీరు అందరితో ఒకే మాదిరి ఉంటారా, మనిషిని బట్టి మారతారా?"

విషయానికి సంబంధం లేదని రాసి, బీగం వేశాను.

ఆ ఆదివారం పాత స్కూటర్ గారు నన్ను చూడటానికి స్వయంగా వస్తానన్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాను. భాయ్ అత్తరు పూశాడు, అవసరానికి మించి. ఓర్వకల్లు నుంచి ఆకుపచ్చ స్కూటర్ మీద ఒక పెద్దమనిషి దిగాడు. పిల్ల నాయన కాదు, ఆయన పంపిన మనిషేమో అనుకున్నాను. మీ ఇల్లు చూపించు అన్నాడు. ఇంటికి తీసుకుపోతే అమ్మ బీగుల తరఫు మనిషనుకుని బొరుగుల ఉగ్గాని పెట్టింది, బజ్జీలకు నూనె కాచింది. ఆయన ప్లేటు చేతిలో పట్టుకునే నేరుగా పెరట్లోకి నడిచి, వేపచెట్టు కిందికి పోయి, తలెత్తి కొమ్మలన్నీ చూశాడు.

"ఈడ నీడ బాగుండాది. సీటు పగలదు. బండి నీకే ఇస్తాలే అప్పా."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదని ఆయనకు అర్థమైంది. "ఫోరమ్‌లో అమ్మకాలు కూడదని నువ్వే గదా రాసినావు. అందుకే సుట్టు తిరిగి అడగాల్సొచ్చె. బండి లేనోడివని నీ రాతల్లోనే తెలిసిపాయ."

నేను రాసిన నియమాలను చదివిన మనిషిని మొదటిసారి ప్రత్యక్షంగా చూశాను. అమ్మ లోపలికి పోయి పొయ్యి ఆర్పేసింది. కష్టకాలంలోనూ వదలనని రాసిచ్చినవాణ్ణి, కొనక తప్పలేదు. స్కూటర్ మా ఇంటికి వచ్చింది.

రాజంపేట సంబంధం పోయిందనే అనుకున్నాను. మోడరేటర్‌గా ఉండటం కూడా మునుపటిలా రుచించలేదు. అంతలో అటునుంచి సరేనన్న కబురు వచ్చింది. ఎందుకు ఒప్పుకున్నారో అడిగే ధైర్యం చేయలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమెను వెనక కూర్చోబెట్టుకుని ఓర్వకల్లు రాళ్ళు చూపించడానికి బయలుదేరితే, ఊరు దాటగానే బండి ఆగింది. వంగి అన్నీ చూస్తున్నాను.

"గేర్‌వైర్ చూడు," అంది.

"వైరు బాగానే ఉంది."

"బండిది కాదు."

కడప వాడెవడో అనుకున్న ఆ గేర్‌వైర్ తనేనట. వాళ్ళ నాయన ఫోరమ్ పేరు అడిగింది కూతురి కోసమట. కాలేజీ ల్యాబులో కూర్చుని నేను రాసినదంతా చదివిందట. బీగం పడ్డ రోజే ఈ సంబంధం వద్దని ఇంట్లో చెప్పేసిందట. మరి ఎలా ఒప్పుకున్నావని అడిగాను.

"మా నాయన కూడా చదివినాడు. పాత స్కూటర్‌ను తానే అనుకుంటాండావని నీ జవాబుల్లోనే కనిపెట్టినాడు. పిల్ల నాయనేమో అన్న అనుమానానికే ఇంత భయపడే అల్లుడు మళ్ళా దొరకడన్నాడు. నాకూ నిజమే అనిపించె."

ఆ ఫోరమ్ ఎప్పుడో మూతపడింది. ఎవరూ బీగం వేయలేదు, రాసేవాళ్ళే లేకపోయారు. స్కూటర్ వేపచెట్టు కిందే ఉంది. నడవదు గానీ సీటు పగలలేదు. నీడను గురించి నిజాయితీగా ఒక మాట అడిగితే వేదాంతం చెప్పిన ఆ తెల్లచొక్కా పిల్లవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు జాలే వేస్తుంది, కాస్త ముద్దు కూడా. ఊరంతటినీ అనుమానించి, అనుమానించవలసిన ఒక్కరిని మాత్రం వదిలేశాడు.

నిన్న సాయంత్రం గేటు దగ్గర మళ్ళీ అదే కుస్తీ. వెనక ఆమె నిలబడి ఉంది. చేతకానితనం కప్పిపుచ్చుకోవడానికి, ఆ రోజుల్లో నేను ఒక్క నొక్కు నొక్కితే రెండు జిల్లాలకు బీగం పడేదని గుర్తుచేశాను.

"ఔ, పడె," అంది ఆమె. "ఆ పొద్దు నువ్వు బీగమేసిన నా ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు నువ్వు."