అద్దం మోగని రోజు

అద్దాల ఖార్ఖానాలో అతన్ని అందరూ నత్త అనేవాళ్ళు. మొదట్లో ఎగతాళికి తగిలించిన పేరే. ఏళ్ళు గడిచేసరికి దానికి కాస్త మర్యాద కూడా అంటుకుంది. యజమానురాలైతే "నత్తగారూ" అనే పిలిచేది. దుకాణాల ముందు నిలబెట్టే నిలువెత్తు పలకలైనా, ఆసుపత్రి కిటికీలైనా, అతని వ్యాను ఎక్కాయంటే అంచు కూడా చిట్లకుండా దిగుతాయని ఆవిడ నమ్మకం.

వ్యాను అతని సొంతం. అది కొనకముందు అదే ఖార్ఖానాలో పలకల అంచులు అరగదీసే చక్రం దగ్గర ఏళ్ళ తరబడి నిలబడ్డాడు. గాజు స్వభావం అక్కడే వంటబట్టింది. దాన్ని బండిలో మోసుకెళ్ళడం మాత్రం ఎవరూ నేర్పలేదు, తనే నేర్చుకున్నాడు. వ్యాను వెనక రెండు వైపులా ఏటవాలుగా ఇనుప చట్రాలుంటాయి. పలకలను వాటికి ఆనించి పట్టీలతో బిగిస్తాడు. వేగం యాభై దాటగానే పలకలు సన్నగా మోగడం మొదలుపెడతాయి, చెంచాతో గ్లాసు అంచు తాకినట్టు. ఆ మోత వినబడగానే కాలు సడలిస్తాడు. అదే అతని కొలత. కళ్ళెదుట వేగం చూపించే సూది ఉన్నా దాని మొహం చూసేవాడు కాదు.

"సూదికేం తెలుసురా, నా వీపు వెనక ఏముందో!" అనేవాడు బావమరిదితో. భార్య తమ్ముడు అదే ఖార్ఖానాలో గాజు కోస్తాడు. నోరు దురుసు, చెయ్యి మాత్రం నికార్సు.

అలాంటి మనిషి మీద వేగం కెమెరా మెరిసింది.

వంతెన దాటాక వచ్చే తిన్నని రోడ్డు అది. ఆ వారమే అతను చట్రాలకు కొత్త రబ్బరు పట్టీలు అతికించాడు. ఇనుము తగిలి ఒక పలక మూల పెచ్చు లేచిపోతే, మళ్ళీ అలా జరగకూడదని ఆదివారమంతా కూర్చుని జాగ్రత్తగా కోసి, జిగురు పెట్టి, బిగించిన పని. రోడ్డు మీద పలకలు కిక్కురుమనడం లేదు. పని ఎంత కుదిరిందో అని లోలోపల మురిసిపోతూ నడుపుతున్నాడు. అంతలో కళ్ళ ముందు తెల్లటి వెలుగు భగ్గుమంది. ఉలిక్కిపడి సూది వంక చూశాడు. డెబ్బై దాటి ఉంది. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఒక ఎర్ర కారు రివ్వున దాటిపోయింది. మెరుపు దానికోసమా, తనకోసమా? ఆ ప్రశ్న ఆ రోజునుంచి అతని మెడకు చుట్టుకుంది.

జరిమానా సంగతి కాదు. అది కట్టేస్తే పోతుంది. వేగం నోటీసు అందుకున్న డ్రైవరు మోసే గాజుకు ఏడాదిపాటు బీమా ఇవ్వరు. గాజు బీమా లేని బండిలోకి యజమానురాలు ఒక్క పలక కూడా ఎక్కించదు. ఆ నియమం ఆవిడ తండ్రి పెట్టింది, ఆవిడ తమ్ముడి విషయంలో కూడా సడలించలేదు. బీమా తిరగరాసే గడువు ఈ నెలాఖరు. నోటీసు ఆలోపు వస్తే వ్యాను ఉండీ లేనట్టే. గడువు దాటాక వస్తే, తెలిసీ దాచావని అంటారేమో.

అతనూ భార్యా ఉండే భవనం కింద, మెట్ల పక్కన అన్ని ఇళ్ళవీ రేకు పోస్టుపెట్టెలు వరసగా ఉంటాయి. రోజూ మధ్యాహ్నం వ్యాను అటు తిప్పి, బరువు దింపడానికి వచ్చినవాడిలా పెట్టెలవంక చూస్తూ నిలబడేవాడు. పోస్టు తెచ్చే అమ్మాయి అతన్ని చూడగానే, "మీకేం లేవండీ ఇవాళ" అనేది. ఆ మాటతో ప్రాణం లేచొచ్చేది. మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళేసరికి మళ్ళీ నీరుగారిపోయేది. ఇవాళ లేదంటే రేపు లేదని కాదుగా!

బీమా ఆఫీసుకు ఫోను చేశాడు. అక్కడి ఆవిడ గొంతు ఎప్పుడూ నీళ్ళలోంచి వచ్చినట్టుంటుంది. మూడు మాటలకోసారి "ఏమన్నారూ?" అని అడగాల్సొచ్చింది.

"నోటీసు వచ్చిందా అండీ?"

"రాలేదండీ. కానీ మెరిసింది."

"మెరుపుని రాసుకోవడానికి మా దగ్గర గడి లేదండీ. నోటీసు వస్తే చెప్పండి."

"రాకపోతే?"

"రాకపోతే ఏముంది చెప్పడానికి?"

ఫోను పెట్టేసి అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. నిజం చెబుదామన్నా పుచ్చుకునేవాళ్ళు లేరు. ఎంతసేపు కూర్చున్నాడో, భార్య లాండ్రీలో ఇస్త్రీ పని ముగించుకుని వచ్చి గుమ్మంలోంచే కేకేసింది.

"ఏమండీ! కెటిల్ ఈల వేసి వేసి చచ్చిపోయింది. నీళ్ళన్నీ ఇగిరిపోయి అడుగు మాడుతోంది. దాని పక్కనే కూర్చుని ఎక్కడున్నారు మీరు?"

"ఏదో ఆలోచన."

"ఆలోచనకి కొత్త కెటిల్ కొనిపెట్టండి."

దిగులు మనిషిని ఇంతగా మొద్దుబారుస్తుందా అనుకున్నాడు. ఖార్ఖానాలోనూ అంతే. వెనకనుంచి పిలిస్తే ఉలకడు, పలకడు. బావమరిది ఊరుకుంటాడా!

"ఏం బావా, పిలిస్తే పలకవు. నత్తలకి చెవులుండవా, లేక పెద్దవాడివైపోయావా?"

ఇక దాచుకోలేక ఒక రోజు పలకలు ఎక్కిస్తుండగా యజమానురాలి ముందు నిలబడ్డాడు. "మేడమ్, మీకొక మాట చెప్పాలి. వేగంగా నడిపి కెమెరాకి దొరికాను."

ఆవిడ చేతిలో కొలత టేపు సర్రున వెనక్కి చుట్టుకుపోయింది. ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, ఫక్కున నవ్వింది.

"మీరా!"

"నిజం మేడమ్."

"బావ మొన్న సైకిల్‌ని దాటేశాడట, ఆ ఆనందంలో మతి పోయింది!" అన్నాడు బావమరిది కోత బల్ల మీదనుంచి. "కెమెరా జాలిపడి ఫోటో తీసుంటుంది మేడమ్. పాపం, దానికి మాత్రం నత్త పరుగెత్తడం మళ్ళీ మళ్ళీ దొరుకుతుందా!"

షెడ్డంతా గొల్లుమంది. అరగదీసే చక్రం దగ్గరున్నవాడు కూడా మిషను ఆపి మరీ నవ్వాడు. యజమానురాలు కళ్ళు తుడుచుకుంటూ, "వెళ్ళండి నత్తగారూ, ఆసుపత్రివాళ్ళు ఎదురుచూస్తుంటారు" అంది. అతనూ నవ్వినట్టు పెదాలు కదిపి వ్యాను ఎక్కాడు. ఇన్నేళ్ళు సంపాదించుకున్న మంచి పేరు ఆ రోజు నోటికి వేసిన తాళంలా అనిపించింది.

ఆదివారం నాడు వ్యాను వెనక తలుపులు బార్లా తెరిచి, తన చేత్తో అతికించిన రబ్బరు పట్టీలను తనే ఊడబెరకడం మొదలుపెట్టాడు. మంచి పని కదా, అంత తేలిగ్గా ఊడిరావడం లేదు. గోళ్ళ కింద జిగురు నల్లగా పేరుకుంది. భార్య బట్టల మూట పట్టుకుని మెట్లు దిగివచ్చింది.

"అవి పెట్టడానికి ఒక ఆదివారం, పీకడానికి ఒక ఆదివారమా? మీకేమైనా పట్టిందా?"

చేతిలో పని ఆపకుండానే అంతా చెప్పేశాడు. మెరుపు, ఎర్ర కారు, బీమా, షెడ్డులో నవ్వులు. ఆమె మూట కింద పెట్టి వ్యాను మెట్టు మీద కూర్చుంది.

"నాకు చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టిందా?"

"నువ్వూ నవ్వుతావేమోనని."

"నవ్వేదాన్నే. ఆ తర్వాత అడిగేదాన్ని, రబ్బరుకీ దీనికీ ఏం సంబంధమని."

"రబ్బరు వల్ల అద్దం మోగలేదు. మోగకపోతే నాకు వేగం తెలీదు. ఇది తీసేస్తే మళ్ళీ మోగుతుంది. ఇకమీదట పొరపాటు జరగదు. ఒక్కసారికి ఏదో చెప్పుకోవచ్చు."

"సరే, తీసెయ్యండి. నేనూ వస్తాను, విందాం ఆ మోతేంటో."

గీతలు పడి ఖార్ఖానాలో పక్కన పడేసిన రెండు పలకలు ఇంటి వెనక ఉన్నాయి. వాటిని చట్రానికి ఆనించి బిగించాడు. ఇద్దరూ వంతెన దాటి, నది వెంబడి ఖాళీగా ఉండే పాత రోడ్డెక్కారు. అతను కుదురుగా కూర్చుని, కిటికీ అద్దం పైకెత్తి, ఎప్పటిలా చెవి కాస్త వెనక్కి ఒగ్గి నడిపాడు. చెట్లు వెనక్కి పోతున్నాయి. మోత లేదు. ఇంకాస్త కాలు నొక్కాడు.

"ఇంకా మోగట్లేదు" అన్నాడు.

"ఏంటి మోగట్లేదు?"

"అద్దం."

ఆమె అతనివైపు తిరిగింది. "ఇందాకట్నుంచి జిల్లుమంటూ ప్రాణం తీస్తోంది కదండీ! చెంచా, గ్లాసు అన్నారే, ఇది కాదా?"

బండి పక్కకు తీసి ఆపాడు.

"ఎక్కణ్ణుంచి మోగుతోంది?"

"ఆ మలుపు దగ్గర్నుంచి." ఆమె గొంతు తగ్గింది. "మీకు వినబడట్లేదా?"

దిగి వెనక్కి వెళ్ళాడు. ఆమె చేతిలో ఇంటి తాళంచెవి పెట్టి పలక మీద కొట్టమన్నాడు. తాళంచెవి తగలడం చూశాడు, పలక వణకడం చూశాడు. టక్కుమన్న దెబ్బ వినబడింది. దాని వెనకాలే తీగలా సాగే సన్నటి మోత మాత్రం లేదు. మళ్ళీ కొట్టమన్నాడు. ఆమె కొట్టింది. పలక మీద అరచెయ్యి ఆనించి చూశాడు. వేళ్ళకు తెలుస్తోంది, చెవికి తెలియడం లేదు.

కెటిల్ ఈల గుర్తొచ్చింది. ఫోనులో నీళ్ళలోంచి వచ్చే గొంతు గుర్తొచ్చింది. చెవులకు ఏమీ పెట్టుకోకుండా అరగదీసే చక్రం పక్కన గడిపిన ఏళ్ళు కూడా గుర్తొచ్చాయి. తప్పు రబ్బరుది కాదు. పాపం, మంచి రబ్బరు.

"పోనీలెండి" అంది ఆమె చివరికి. "లోకంలో అందరూ సూది చూసే నడుపుతున్నారు. మీరూ అలాగే నడపండి. హారన్ కొడితే వినబడుతుందిగా?"

"వినబడుతుంది."

"మరింకేం?"

"ప్రతి ఏడూ బీమా ఆవిడ ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంది. చూపులో, వినికిడిలో తేడా ఏమైనా ఉందా అని. ఆవిడ నోరు మూసేలోపే నేను లేదనేస్తాను."

"ఈసారీ అనెయ్యండి. ఎవరికి తెలుస్తుంది?"

అతను పట్టీ బిగింపు సరిచూస్తూ మెల్లగా అన్నాడు. "పలక చిట్లే ముందు సన్నగా కీచుమంటుంది. అది విని బండి ఆపిన రోజులున్నాయి. వినబడకపోతే అది రోడ్డు మీదే విచ్చుకుంటుంది. వెనకాల ఎవరో సైకిల్ మీద వస్తుంటారు."

ఆమె వెళ్ళి బండెక్కింది. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా సూది చూసి అంకెలు చదువుతూ కూర్చుంది. "నలభై... నలభై ఐదు... యాభై, తగ్గించండి." అతను చెప్పినట్టల్లా తగ్గించాడు. తన బండిలో తనే అద్దెకు కూర్చున్నట్టు అనిపించింది.

గడువు రోజున బీమా ఆఫీసుకు ఇద్దరూ వెళ్ళారు. బల్ల అవతల ఆవిడ కంప్యూటరు మీద టకటకా కొడుతూ వరసగా అడుగుతోంది.

"నోటీసులేమైనా?"

"రాలేదు. మెరిసిందని చెప్పాను మీకు."

"మెరుపులు రాసుకోవడానికి గడి లేదని నేనూ చెప్పాను" అని చిన్నగా నవ్వింది. "చూపు, వినికిడి, తేడా ఏమైనా..." జవాబు తెలిసినట్టే తర్వాతి గడికి వెళ్ళిపోబోయింది.

"ఉందండీ."

ఆవిడ వేళ్ళు ఆగాయి. "చూపా?"

"వినికిడి."

"ఎంత?"

"అద్దం మోత వినబడదు."

"అదేం కొలతండీ?"

"నాకున్న కొలత అదొక్కటేనండీ."

ఆవిడ అతని భార్య వంక చూసింది. భార్య చేతి సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ తల వంచుకుంది. "చెవుల డాక్టరు పరీక్ష కాగితం కావాలి" అంది ఆవిడ. "వ్యానుకి బీమా రాసేస్తాను. గాజుకి మాత్రం ఆ కాగితం వచ్చేదాకా ఆపాలి. మీరు నడిపితే లేదు, ఇంకొకరు నడిపితే ఉంటుంది. అదీ వాళ్ళ పేరు మీద నోటీసులు లేకపోతేనే." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "లేదన్నట్టయితే ఇవాళే అయిపోయేదండీ."

ఆ తగ్గించిన మాట అతనికి అందలేదు. ఆవిడ మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

ఈసారి షెడ్డులో ఎవరూ నవ్వలేదు. యజమానురాలు టేపును చేతిలో అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు నిలబడింది. "కాగితం రానివ్వండి నత్తగారూ. అప్పటిదాకా మీ వ్యాను మీ బావమరిది నడుపుతాడు. ఎక్కించేటప్పుడు మాత్రం మీరుండండి. మీరు కట్టని పలకని నేను పంపను" అంది.

మర్నాడు పొద్దున్నే అతను వ్యాను వెనక మోకాళ్ళ మీద కూర్చుని చట్రాలకు మళ్ళీ రబ్బరు పట్టీలు అతికించసాగాడు. పాత జిగురు గీకి, అంచులు తుడిచి, కొత్తగా కోసి, వేలితో నొక్కి చూసుకుంటూ. బావమరిది అద్దం మోత వినే రకం కాదు, వినేందుకు పాట పెట్టుకుంటాడు. అందుకని పలకకైనా మెత్తగా ఉండాలి.

బావమరిది వచ్చాడు. వెనకనుంచి పిలవలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, గొంతుక్కూర్చున్నాడు.

"బావా, నాకేమైనా చెబుతావా?"

"సూది యాభై దాటనివ్వకు."

"అంతేనా?"

"పాట పెట్టకు."

"అది మాత్రం కష్టం బావా" అన్నాడు వాడు. మామూలుగా అయితే ఇంకో నాలుగు మాటలు అనేవాడే. తాళంచెవి అందుకుని లేచి వెళ్ళిపోయాడు.

వ్యాను గేటు దాటింది. ఎప్పుడూ దానిలో కూర్చుని బయటకు వెళ్ళినవాడే గానీ, అది వెళ్తుంటే వెనకనుంచి చూడటం అతనికిదే మొదటిసారి. పలకలు ఎండలో తళుక్కుమంటూ మలుపు తిరిగాయి.

మధ్యాహ్నం రేకు పెట్టెల దగ్గరికి నడిచే వెళ్ళాడు. ఇప్పుడు ఎదురుచూడాల్సిన కవర్లు రెండు, కెమెరా నోటీసు, డాక్టరు పోస్టులో పంపుతానన్న చెవుల పరీక్ష కాగితం. ఒకటి వస్తే వ్యాను పోతుంది, ఇంకొకటి రాకపోతే పోతుంది. పోస్టు తెచ్చే అమ్మాయి దూరంనుంచే అతన్ని చూసి ఏదో అంది. సన్నటి గొంతు, సగం గాలికి పోయింది. అతను అర్థం కానట్టు నిలబడితే, ఆ అమ్మాయి ఖాళీ చెయ్యి ఎత్తి అటూ ఇటూ ఊపింది.

అతను తలాడించి మెట్లెక్కాడు.