ఊక మీద నల్ల మరక

మొన్న ఉదయం ముగ్గు వేద్దామని బయటికి వస్తే, మా మిర్యాలగూడ ఇంటి ముందు రేకుల కింద నిలబెట్టిన పాత కారు అడుగున అరచేయంత నల్ల మరక కనిపించింది. వంగి, వేలితో అద్ది, వాసన చూశాను. ఇంజన్ ఆయిలే. ఇంకొకరైతే విసుక్కునేవారేమో గాని, నాకు మాత్రం పుట్టింటి మనిషి ఎవరో చెప్పాపెట్టకుండా వచ్చి గుమ్మంలో నిలబడినట్టు అనిపించింది. మన తరం వాళ్ళ ఇళ్ళలో ఇలాంటి మొండి వస్తువు ఒకటి తప్పకుండా ఉండేది, గడియారమో, రేడియోనో. దాన్ని బాగుచేయించడం కన్నా దాని రోగంతో సర్దుకుపోవడమే మనకు అలవాటు. మా ఇంట్లో ఆ వస్తువు కారు.

అది తాత ముచ్చటపడి కొన్న కారు. తాత పోయాక నాన్నకూ పెదనాన్నకూ పంపకాలు జరిగాయి. పెదనాన్న కోదాడలో ఉంటూ అనంతగిరి దగ్గర వ్యవసాయం చూసుకునేవాడు, నాన్నకు ఇక్కడి రైసు మిల్లులో ఉద్యోగం. పొలాలు పంచుకున్నారు, గిన్నెలూ గంగాళాలూ పంచుకున్నారు, ఉమ్మడి బావి నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాటా మాటా పెరిగి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఇక మిగిలింది కారు. దాన్ని అమ్మేద్దామంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. "బావి మీద వంతులు లేవా? గట్లనే దీనికి గూడ వంతులు పెట్టుకోండ్రి. ఒక నెల గాడ, ఒక నెల గీడ ఉంటది" అని తేల్చేసింది. ఆమెకు ఎదురుచెప్పే ధైర్యం ఆ ఇద్దరు మీసాల మనుషుల్లో ఎవరికీ లేదు.

ఒకరి గడప ఒకరు తొక్కరు గనక, వంతు మారే చోటు సూర్యాపేట అయింది. అక్కడ తాత కాలం నుంచీ ఆ కారుకు వైద్యం చేసే మేస్త్రీ షెడ్డు ఉండేది. కారు ఇచ్చేవాళ్ళు నడుపుకుంటూ రావాలి, తీసుకునేవాళ్ళు బస్సులో రావాలి, పోయేటప్పుడు ఇచ్చినవాళ్ళు బస్సెక్కాలి. ముందు సీట్లో కూర్చోవచ్చన్న ఆశతో నేను ప్రతిసారీ నాన్న వెంటపడేదాన్ని.

తాళాలు చేతులు మారడానికి ఎంతసేపు పడుతుంది? అయినా వాళ్ళు మధ్యాహ్నం దాకా ఆ షెడ్డులో ఉండేవారంటే, అదంతా ఆయిల్ లీకు పుణ్యమే. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే డబ్బాను మేస్త్రీలు చాంబర్ అంటారు. దానికీ ఇంజనుకూ మధ్య ఆయిల్ కారకుండా బెండు ప్యాకింగ్ ఒకటి ఉంటుంది. చుక్క కనబడితే చాలు, నాన్న పానా పట్టుకుని కారు కింద దూరి, ఉన్న బలమంతా పెట్టి బోల్టులు బిగించేవాడు. ఆయన ఎంత బిగిస్తే ఆ బెండు అంత నలిగి, చీలి, ఇంకా ఎక్కువ కారేది. సాయంత్రం అమ్మ మిల్లు నుంచి తెచ్చిన ఊకను కారు కింద పరిచేది, పొద్దున్నే నాన్న పళ్ళు తోముకుంటూ వచ్చి ఆ ఊక మీది మరకను చూసి, ఎంత పోయిందో అంచనా కట్టేవాడు.

అందుకే ప్రతి వంతుకూ సూర్యాపేటలో చాంబర్ దించాల్సి వచ్చేది. మేస్త్రీ కొత్త ప్యాకింగ్ వేస్తుంటే, అన్నదమ్ములిద్దరూ కారుకు చెరో పక్క పాత టైర్ల మీద కూర్చునేవారు. మాటలన్నీ మేస్త్రీతోనే.

"ఆయనకు జెప్పు మేస్త్రీ, గంత బలం బెట్టి బిగియ్యొద్దని" అనేవాడు పెదనాన్న, తమ్ముడు అడుగు దూరంలోనే ఉన్నా.

"ఆయనకు జెప్పు, గుంతల్ల ఉరికిస్తే చాంబర్ దెబ్బ తింటదని" అనేవాడు నాన్న.

"మీ ఇద్దరి నడుమ ప్యాకింగ్ లెక్క నేనే నలిగిపోతున్న" అని మేస్త్రీ కారు కింద నుంచే నవ్వేవాడు. ఛాయ్ వస్తే నాన్న మొదట ఒక గ్లాసు మేస్త్రీ చేతికిచ్చి, "గాయనకియ్యి, చక్కెర తక్కువేసినదే" అనేవాడు. కోపంలోనూ అన్నకు చక్కెర సరిపడదన్న సంగతి మరవని ఆ మనిషిని తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి.

ఒకసారి మేస్త్రీకి పట్టుదల వచ్చింది. వంగిపోయిన చాంబర్ అంచులను సుత్తితో సాపు చేసి, మంచి ప్యాకింగ్ తెప్పించి, తానే నింపాదిగా బిగించి, నాన్నను పానా ముట్టుకోవద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. లీకు ఆగిపోయింది. అమ్మ సంబరపడింది, ఇక మరకలు కడిగే బాధ తప్పిందని. కాని తర్వాతి వంతుకు సూర్యాపేట వెళితే, అక్కడ కూర్చోవడానికి సాకే లేకుండా పోయింది. నాన్న తాళాలు బానెట్ మీద పెట్టాడు, పెదనాన్న తీసుకున్నాడు, కారు వెళ్ళిపోయింది. ఛాయ్ కూడా తాగలేదు. కారు మళ్ళీ మా వంతుకు వచ్చినప్పుడూ అంతే. పొద్దున్నే నాన్న పొడి ఊక ముందు నిలబడి, నోట్లో పుల్ల అలాగే ఉంచుకుని, ఏదో పోగొట్టుకున్నవాడిలా చూస్తుండేవాడు.

అది మరోసారి కోదాడ వెళ్ళివచ్చింది. తెల్లారి చూస్తే ఊక మీద మరక! నాన్న కారు కింద దూరాడు. చాలాసేపటికి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అమ్మతో మెల్లగా అన్నాడు: "ముందర బోల్టులు వేళ్ళతోటే తిరుగుతున్నయే. వాటంతటవి గట్ల వదులు గావు. అన్నే చేసిండు."

అమ్మ, "మరి బిగియ్యరాదూ?" అంది. నాన్న బిగించలేదు. పానా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆ నెలంతా ఆయిల్ పోసుకుంటూ తిరిగాడు గాని, దాన్ని ముట్టుకోలేదు. వంతు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని సూర్యాపేట బయలుదేరాడు.

షెడ్డులో పెదనాన్న అప్పటికే టైరు మీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రీ కారు కింద దూరబోతుంటే ఆయన లేచి, పానా తీసి, మేస్త్రీకి కాదు, నేరుగా నాన్నకే అందించాడు. "ఈసారన్న మెల్లగ బిగియ్యిరా తమ్మీ" అన్నాడు. నాన్న ఆ పానా తీసుకోలేక, "నువ్వే బిగియ్యి అన్నా" అని తల తిప్పుకున్నాడు. ఆ పూట ఛాయ్ గ్లాసులు మేస్త్రీ చేతుల మీదుగా పోలేదు.

ఇప్పుడు ఆ ముగ్గురూ లేరు. వాళ్ళతోనే వంతులూ ఆగిపోయి, కారు నా దగ్గరే ఉండిపోయింది. షెడ్డు ఉన్న చోట ఏదో బట్టల దుకాణం వెలిసింది. పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, కోదాడలోనే ఉంటాడు. మా మధ్య ఏ తగవూ లేదు. పండుగలకు ఫోన్లో పువ్వుల బొమ్మలు పంపుకుంటాం, కలుసుకుని మాత్రం ఏళ్ళయింది. మొన్న మరక చూడగానే ఆయనకే ఫోన్ చేశాను. "అన్నా, కారుకు ఆయిల్ లీకు మళ్ళ మొదలైంది. సూర్యాపేటల చూపిద్దామా? నువ్వు గూడ రారాదూ?" అన్నాను, గొంతులో ఆశ దాచుకోలేక.

"సూర్యాపేట దాక ఎందుకు చెల్లె, పరేషాన్! ఫోన్ కొడితే మెకానిక్ ఇంటికే వస్తడు. గాడనే చేయించు" అన్నాడు ఎంతో ప్రేమగా.

నిజంగానే వచ్చాడు మెకానిక్. ప్యాకింగుతో పాటు ఏదో బంక పూసి, వంట అయ్యేలోగా పని ముగించి, ఇక మీరు దీని సంగతే మరిచిపోవచ్చమ్మా అని చెప్పి వెళ్ళాడు. అయినా అలవాటు కొద్దీ ఆ సాయంత్రం గుప్పెడు ఊక తెచ్చి కారు కింద చల్లాను.

పొద్దున చూస్తే ఊక పొడిగా ఉంది. ఒక బోల్టు వదులు చేద్దామా అని మనసు లాగింది. మోకాళ్ళు వంగవు, అదొకటి. ఎలాగో వంగి చేసినా, సూర్యాపేటలో నాకోసం టైరు మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు ఎవరున్నారు? చీపురు తెచ్చి ఆ ఊకను ఊడ్చేశాను.