పరదా అవతల పరుపు

ఆ పగలు దుకాణంలో ఉన్నవాళ్లం: పరుపుల సాయిబు, దూది ఏకే పనివాళ్లిద్దరు, మా అవ్వ, నేను. ఉన్న సరుకు: పత్తి పరుపులు రెండు, బూరుగు దూదిది ఒకటి, కొబ్బరి పీచుది ఒకటి, దూది తూచే తక్కెడ, దాని రాళ్లు.

నేను కరీంనగర్‌లో ఓవర్సీర్‌గా కొత్తగా చేరిన రోజులవి. మా ఊళ్లో నులక మంచం మధ్యలో కుంగి, అవ్వకు నడుం పట్టేసింది. నెల రోజులుగా గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవారుస్తోంది. ఆమె పడుకోగలిగే పరుపు కొనాలని పిలిపించాను.

“పండుకొని చూడుండ్రి అమ్మా,” అన్నాడు సాయిబు.

“ఇంతమంది మొగోళ్ల ముంగట పండుకుంటనా?” అవ్వ కొంగు సర్దుకుంది.

ఈ సంగతి నాకు తట్టనే లేదు. వేరే పద్ధతి ఆలోచించాను. ఆమె బరువుకు సరిపడా తూకం రాళ్లు ఒక్కో పరుపు మీద పెట్టించి, ఎంత కుంగిందో స్కేలుతో కొలిచాను. పీచు పరుపు అన్నిటికన్నా తక్కువ కుంగింది.

“ఇదే తీసుకుందాం.”

“నడుం నొప్పి నాకా, గా రాళ్లకా?” అంది అవ్వ.

పనివాళ్లు నవ్వారు. దుకాణం వెనకే సాయిబు ఇల్లు, మధ్యలో పరదా. “ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా, లోపల మా ఇంటామె ఉన్నది,” అన్నాడాయన. పరుపులన్నీ పరదా దాకా మోశాం. అవ్వ లోపలికి వెళ్లింది; అక్కడి నుంచి సాయిబు భార్యే వాటిని లోపలికి లాక్కుంది.

“అవ్వా, పీచుది ఎట్లున్నది?” ఇవతల నుంచి అరిచాను.

“చీపురు మీద పండినట్టున్నది!”

“బూరుగుది?”

“మునుగుతున్న బిడ్డా, తాడెయ్యి!”

లోపల ఇద్దరూ ఒకటే నవ్వు. కొలుస్తారేమోనని స్కేలు పరదా కింద నుంచి తోశాను. అది వెంటనే తిరిగొచ్చింది.

“గీ కట్టె మాకెందుకు సార్? అక్క నడుమే చెప్తది,” అంది సాయిబు భార్య.

మందంగా ఉన్న పత్తి పరుపు ఉక్కపోస్తోందట. ఇక మిగిలింది పలచటిది.

“అవ్వా, అదెట్లున్నది?”

మళ్లీ అడిగాను. పరదా అంచు కదిలింది.

“జర మెల్లగ సార్. అక్క నిద్రపోయింది.”

పనివాళ్లు ఏకే విల్లు చప్పుడు కాకుండా పక్కన పెట్టారు.

“మరి పీచుది కట్టమంటరా?” సాయిబు నా చెవిలో అడిగాడు, మీసం కింద నవ్వుతూ.

“వద్దు. ఆమె కింద ఉన్నదే.”

చాయ్ తెప్పించుకుని కూర్చున్నాం. అవ్వ రెండు గంటల నలభై నిమిషాలు పడుకుంది.