గ్రహణం కోసం కొన్న బ్యాటరీ గ్లవ్స్

డెట్రాయిట్ స్టేషన్‌లో రైలెక్కేటప్పటికే నాకు కోపంగా ఉంది. నాలుగో రోజున తిరిగి అక్కడే దిగేటప్పటికి అది ఇంకా ముదిరింది. మధ్యలో ఒక సంపూర్ణ సూర్యగ్రహణం చూశాను. నా తర్వాత ఎవరైనా చలికాలంలో ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే నేను పడ్డ అవస్థ పడకూడదని ఇది రాస్తున్నాను.

1979 ఫిబ్రవరిలో గ్రహణం వస్తుందని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో చదివాను. నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. మిగతా చదువంతా ఆ లైబ్రరీలో, వారానికి మూడు మధ్యాహ్నాలు, నాకు నేను చెప్పుకున్నదే. ఈ దేశంలో మళ్ళీ ఇలాంటి గ్రహణం నేలమీద నిలబడి చూడాలంటే చాలా ఏళ్ళు ఆగాలని లెక్కలు చూసి మా ఆయనకు చెప్పాను. ఆయన ఎం.ఎస్. చేసిన ఇంజనీరు. "ఎవరు చెప్పారు?" అని అడిగారు. పుస్తకం చూపించాక ఒప్పుకున్నారు.

చిక్కంతా నా చేతులతోనే. చలి తగిలితే నా వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడతాయి, తర్వాత నీలమవుతాయి. నొప్పి మొదలైతే గ్లాసు కూడా పట్టుకోలేను. ఆ జబ్బుకొక ఫ్రెంచి పేరుంది. అది కూడా నేనే లైబ్రరీలో చదివి డాక్టరుకు చెప్పాను, ఆయన అవునన్నాడు. చలికాలంలో బయట నిలబడొద్దనీ, ఈసారి వేళ్ళ చివర పుండ్లు పడితే మానడం కష్టమనీ అన్నాడు. గ్రహణమేమో మొంటానాలో, ఫిబ్రవరిలో, పొద్దున్నే. గంటకు పైగా ఆరుబయట నిలబడాలి. కాబట్టి నా వేళ్ళకు వేడి పుట్టించేది ఏదైనా దొరికితేనే నేను గ్రహణం చూస్తాను, లేకపోతే లేదు.

లైబ్రరీలో వేట పత్రికలు వేసే బల్ల దగ్గర చీర కట్టుకుని కూర్చుని దుప్పుల వేటగాళ్ళ ప్రకటనలన్నీ చదివాను. మూడు రకాలు దొరుకుతాయి. ఒకటి బ్యాటరీ మేజోళ్ళు: పిక్క దగ్గర పట్టీలో టార్చిలైటు సెల్లు ఒకటి, అక్కణ్ణుంచి కాలివేళ్ళ దాకా సన్నటి తీగ. రెండోది గ్లవ్స్: మణికట్టు మీద సంచిలో అదే లావు సెల్లు, వేళ్ళ చుట్టూ తీగ. మూడోది చేతుల్లేని కోటు, ఇంట్లో ఛార్జి చేసుకునే బరువైన బ్యాటరీతో. ఛాతీ వెచ్చగా ఉంటే రక్తం వేళ్ళదాకా పోతుందని చదివాను కాబట్టి నాకు ఆ కోటే కావాలి.

వేట సామాను అమ్మే కొట్లో అతను మా ఆయన వైపు తిరిగి, "మీ సైజెంత సార్?" అన్నాడు.

"నాకు కాదు, ఆవిడకి," అన్నారు మా ఆయన.

"ఆడవాళ్ళ సైజు తయారుచేయరు మేడమ్. ఇంత చలిలో ఆడవాళ్ళు బయటికెందుకు వెళ్తారు?"

నాకు మొదటి కోపం అక్కడే వచ్చింది. మగవాళ్ళ కోటు వేసుకుంటే చంకల కింద నుంచి గాలి సొరబడుతుంది, పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. చివరికి మగవాళ్ళ గ్లవ్స్‌లో అన్నిటికన్నా చిన్నవి తీసుకున్నాను. లోపల సన్నటి ఊలు గ్లవ్స్ వేసుకుంటే సరిపోయాయి. మామూలు సెల్లులు చలికి నీరసించిపోతాయి, ఆల్కలైన్ సెల్లులు ఎక్కువసేపు ఆగుతాయి. అవి కూడా ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచితేనే. ఇది మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆల్కలైన్‌వి నాలుగు కొన్నాను. రెండు వాడకానికి, రెండు మార్చుకోవడానికి. ఒక ఆదివారం వాటితో పెరట్లో మంచులో గంటన్నర నిలబడి చూసుకున్నాను. పక్కింటావిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. వేళ్ళు తెల్లబడలేదు. తర్వాత ప్రయాణానికని మళ్ళీ నాలుగు కొత్తవి కొన్నాను.

శనివారం ఉదయం కారు స్టేషన్ పక్కన పార్క్ చేసి షికాగో రైలెక్కాం. మాతోపాటు మా ఆయన ఆఫీసులో పనిచేసే మూర్తి, గుంటూరు నుంచి ఆర్నెల్లకని వచ్చిన అతని తల్లి. మూర్తికి ఇంకా పెళ్ళి కాలేదు. ఆవిణ్ణి ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేక తీసుకొచ్చాడు. నేను పిన్నిగారూ అంటాను. రైలు కదలగానే పిన్నిగారు అడిగారు:

"గ్రహణమంటే తలుపులేసుకుని కూర్చుంటారు గానీ, టిక్కెట్టు కొనుక్కుని ఎదురెళ్తారుటే అమ్మాయ్?"

"అక్కడ అద్దె కారు తీసుకుంటాం, మీరు అందులో కూర్చోండి పిన్నిగారూ, నేను చూసొస్తాను."

"నేనెలాగూ జపం చేసుకోవాలి. టేప్ రికార్డర్ తెచ్చాను, స్తోత్రాలున్నాయి."

కోపం రావలసింది అక్కడే. అప్పుడు రాలేదు.

షికాగోలో రైలు మారాలి. పడమటికి వెళ్ళే రైలు రెండు గంటలు ఆలస్యం. వెయిటింగ్ హాల్లో పులిహోర, పెరుగన్నం తిన్నాం. వెంట తిండి తీసుకెళ్ళండి. రైల్లో శాకాహారులకు దొరికేది బ్రెడ్డు, జున్ను, ఉడకబెట్టిన బంగాళాదుంప. నిద్ర కూర్చున్న సీట్లోనే పోవాలి, దుప్పటి మీరే తెచ్చుకోవాలి. మర్నాడంతా డకోటా మైదానం, ఎటు చూసినా మంచు. ఎదురు సీట్లో ఒక ముసలి రైతు నా ఒళ్ళో ఉన్న గ్లవ్స్ చూసి పలకరించాడు.

"అవి వేటగాళ్ళవి కదా. ఏం వేటాడతారు మీరు?"

"గ్రహణం."

"మంచిదే. దానికి లైసెన్స్ అడగరు," అన్నాడు.

ప్రయాణం మొత్తం మీద నా గ్లవ్స్‌ని మర్యాదగా చూసింది అతనొక్కడే.

ఆదివారం చీకటి పడ్డాక దిగాం. అది గోధుమలు నిలవచేసే గిడ్డంగులు, ఒక వీధి, ఒక మోటెల్ ఉన్న ఊరు. మోటెల్ గదులు గ్రహణం పేరు చెప్పి మామూలు కంటే ఎక్కువకు ఇచ్చారు. ముందే బుక్ చేసుకున్నాం కాబట్టి దొరికాయి. మూర్తి ఊళ్ళోని గరాజ్‌లో ఒక స్టేషన్ వ్యాగన్ అద్దెకు తీసుకున్నాడు. పడుకునే ముందు గ్లవ్స్ సంచుల్లో రెండు సెల్లులు పెట్టాను. మిగిలిన రెండూ ఫ్లానెల్ గుడ్డలో చుట్టి హీటర్ పక్కన బల్ల మీద ఉంచాను. మా ఆయన తన కెమెరా సామాను అదే బల్ల మీద సర్దుకున్నారు.

పొద్దున ఆరింటికి నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి మూట, గ్లవ్స్ పెట్టినచోటే ఉన్నాయి. మూట కోటు లోపలి జేబులో వేసుకున్నాను.

ఊరికి దక్షిణంగా ఒక గుట్ట ఉంది. స్థానిక స్కూలు టీచర్లు దాని మీద టెలిస్కోపులు పెట్టారు. మంచు తీసిన రోడ్డు గుట్ట కిందే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి సూర్యుడు కనబడడు, నడిచి ఎక్కాలి. పిన్నిగారు కార్లోనే ఉండిపోయారు. మూర్తి కిటికీలకు తువ్వాళ్ళు అడ్డం కట్టి, తలుపు వేసి వచ్చాడు. పై నుంచి కూడా స్తోత్రం సన్నగా వినబడుతోంది. గాలి మొహం మీద కోస్తోంది.

గ్లవ్స్ స్విచ్ వేశాను. వేళ్ళ చివర కాస్త వెచ్చదనం వచ్చింది. వెల్డింగు పనివాళ్ళు వాడే ముదురు అద్దంలోంచి చూస్తే సూర్యుడి అంచున చిన్న గంటు పడింది. ఎలుక కొరికినట్టుంది. ఆ గంటు పెద్దదవుతోంది. చూస్తూండగానే నా కుడిచేతి వేళ్ళు మొద్దుబారాయి. తర్వాత ఎడమచేతివి.

పెరట్లో గంటన్నర ఆగినవి ఇక్కడ పావుగంట కూడా ఆగకపోవడమేమిటి? లోపలి జేబులోంచి మూట తీసి విప్పాను. అందులో ఉన్నవి నా సెల్లులు కావు. పైన ఎర్ర కాగితం చిరిగిన మామూలు సెల్లులు. ఒకదాని అడుగున జిగురు కారి ఉంది.

మా ఆయన మూర్తి పక్కన మూడుకాళ్ళ స్టాండు బిగిస్తున్నారు.

"ఏమండీ, ఇవెక్కడివి?"

"అవా? పిన్నిగారి టేప్‌లోవి. పొద్దున టేప్ ఈడుస్తోందన్నారు. పెద్దావిడ అడిగితే లేదనలేక నీవి ఇచ్చాను. నాలుగు కావాలట. నీకు ఆ నాలుగూ పెట్టాను కదా."

"ఇవి అయిపోయిన సెల్లులండీ!"

"అవీ సెల్లులే కదా సుభద్రా. వన్ పాయింట్ ఫైవ్ వోల్ట్స్. డోంట్ మేక్ ఎ సీన్."

ఈ మాట అంటూ ఆయన కోటు బొత్తాలు విప్పి, స్వెటర్ కింద చొక్కా జేబులోంచి రుమాలు తీసి మడత విప్పారు. అందులో చొక్కా బొత్తామంత గుండ్రటి కెమెరా బ్యాటరీ ఉంది. నేను చూస్తున్నానని గమనించి ఆయనే చెప్పారు. "చలికి డ్రైన్ అయిపోతుందని నువ్వే చదివావుగా. అందుకే ఒంటి మీద పెట్టుకున్నా."

తెలియక చేసి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. నేను చదివి వినిపించింది ఆయన విన్నారు, గుర్తు పెట్టుకున్నారు, ఆచరించారు. తన కెమెరాకు.

మూర్తి, "వదినగారూ, నేను వెళ్ళి తెస్తానుండండి," అన్నాడు. "ఆవిడ జపం మధ్యలో ఎలా తెస్తావోయ్?" అన్నారు మా ఆయన. మూర్తి ఆగిపోయాడు. నేను ఆగలేదు.

గుట్ట దిగుతుంటే వెలుతురు అప్పటికే మారింది. మంచు సీసం రంగులోకి తిరుగుతోంది. కారు తలుపు పిడి మీద నా వేళ్ళకు పట్టు దొరకలేదు. మోచేత్తో కిటికీ మీద కొట్టాను. పిన్నిగారు లోపల్నుంచి తీశారు.

"ఏమే? తలుపు తెరిపిస్తావేమిటి పట్టువేళ?"

"ఆ టేప్‌లో సెల్లులు నావి పిన్నిగారూ. నాకిప్పుడే కావాలి."

"మీ ఆయన మిగిలాయన్నాడే!"

"మిగల్లేదు."

"గ్రహణం విడిచేదాకా స్తోత్రం ఆపకూడదు, తెలుసా?"

"మీకు నోటికొచ్చు కదా. చదువుకోండి. నాకు ఇవి లేకపోతే వేరే దారి లేదు." టేప్ రికార్డర్ అందుకుని వెనక మూత తీయబోయాను. వేళ్ళు ఒంగలేదు. కర్రల్లాగా మూత మీద జారాయి. కోపానికి ఏడుపొచ్చింది. పళ్ళతో పై గ్లవ్, లోపలి ఊలు గ్లవ్ రెండూ లాగేశాను.

పిన్నిగారు నా వేళ్ళు చూశారు. "అయ్యో, సున్నంలో ముంచి తీసినట్టున్నాయేమే!" అన్నారు. టేప్ తన ఒళ్ళోకి లాక్కుని, పాట సగంలో ఆపి, మూత తీసి నాలుగు సెల్లులూ బయటకు తీశారు. గ్లవ్స్‌లోని పాతవి తీసేసి, రెండు తనే పెట్టారు. ఏ కొస ఎటు ఉండాలో నేను చెప్పాను. మిగిలిన రెండూ, ఆ పాతవీ నా జేబుల్లో వేశారు. అంతసేపూ ఆవిడ పెదవులు స్తోత్రం చదువుతూనే ఉన్నాయి. నేను తలుపు వేస్తుంటే గొంతు పెంచి చదవసాగారు.

మళ్ళీ గుట్టెక్కేసరికి సూర్యుడు సన్నటి గోటి ముక్కంత మిగిలాడు. వేళ్ళలోకి వేడి సూదుల్లా దిగింది. నొప్పి, కానీ మంచి నొప్పి. పడమటి వైపు నుంచి పెద్ద నీడ నేలమీద పరుగెత్తి మా మీదికొచ్చింది. అందరూ ఒక్కసారి అరిచారు. అద్దం దించాను. ఆకాశంలో నల్లటి గుండ్రం, దాని చుట్టూ తెల్లటి జుట్టులాంటి వెలుగు. చుట్టూ అన్ని దిక్కులా సాయంకాలపు నారింజ రంగు. పక్కన ఒక చుక్క పట్టపగలు మెరుస్తోంది. పుస్తకాల్లో ఫోటోలన్నీ చూసే వెళ్ళాను. అవేవీ దీనికి సరిపోవు.

"సుభద్రా! టార్చి పట్టు! షట్టర్ స్పీడ్ కనిపించట్లేదు!"

పట్టలేదు. ఆయన వైపు తల కూడా తిప్పలేదు. ఆ రెండు నిమిషాల చిల్లర సమయం నాది. ఆయన తల కెమెరా మీదే ఉంది. వెలుతురు తిరిగొచ్చాక, "అయిపోయిందా?" అని అడిగారు.

సోమవారమే తిరుగు రైలెక్కాం. డకోటా దాటాక మా ఆయన గొంతు తగ్గించి, "పెద్దావిడ జపం ఆపించావు. సారీ చెప్పు, బాగుంటుంది," అన్నారు. పిన్నిగారు నిద్రపోతున్నారనుకున్నాం. కళ్ళు తెరవకుండానే, "జపం ఆగలేదు నాయనా, టేప్ ఆగింది," అన్నారు. తర్వాత నా వైపు జరిగి, "ఇంతకీ ఎలా ఉందే చూడ్డానికి?" అన్నారు. చెప్పాను. నడుమ నడుమ, "పట్టపగలు చుక్కా?" అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ఆ ప్రశ్న నన్ను అడిగింది ఆవిడొక్కరే.

ఇక కొనేవాళ్ళకు నా మాట. ఆడవాళ్ళ సైజు లేదన్నారని ఊరుకోకుండా మగవాళ్ళ చిన్న సైజు లోపల ఊలు వేసుకుని చూడండి. ప్రయాణానికి ముందు మీ పెరట్లోనే పరీక్షించండి. సెల్లులు ఆల్కలైన్‌వే కొనండి, ఒంటికి ఆనించి ఉంచుకోండి. స్నానానికి వెళ్ళినా సరే, ఎవరి చేతికీ అందేలా పెట్టకండి. వస్తువు మంచిదే. నన్ను మోసం చేసింది వస్తువు కాదు.

మంగళవారం రాత్రి డెట్రాయిట్‌లో దిగాం. నాలుగు రోజులుగా ఆరుబయట ఉన్న కారు అద్దం మీద మంచు గట్టిగా పేరుకుపోయింది. మా ఆయన తన గ్లవ్స్ గుట్ట మీద కెమెరా దగ్గర తీసి అక్కడే మర్చిపోయారు. వట్టి చేతులతో రెండుసార్లు గీకి, వేళ్ళు చంకల్లో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"నువ్వు కార్లో కూర్చో. ఆ గ్లవ్స్ ఒకసారి ఇలా ఇవ్వు."

ఒక్క నిమిషం ఉండమని, గ్లవ్స్ మణికట్టు సంచులు విప్పి సరిచూసి ఇచ్చాను. మూర్తి, పిన్నిగారు వెనక సీట్లో కూర్చున్నారు. ఆయన గ్లవ్స్‌లోకి బలవంతంగా చేతులు దూర్చి స్విచ్ వేసి అద్దం గీకడం మొదలుపెట్టారు. కొంచెంసేపు పోయాక కిటికీ దగ్గరికొచ్చి వంగారు.

"ఏమిటిది, వేడెక్కట్లేదేం?"

నా ఆల్కలైన్ సెల్లులు నాలుగూ నా కోటు లోపలి జేబులో వెచ్చగా ఉన్నాయి. ఎర్ర కాగితం చిరిగినవి ఆయన మణికట్టు మీద ఉన్నాయి.

"అవీ సెల్లులే కదండీ," అన్నాను. "వన్ పాయింట్ ఫైవ్ వోల్ట్స్."

వెనక సీట్లో పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను కిటికీ అద్దం పైకి తిప్పేశాను.